వెయ్యి బీడీల సర్వే

భూమవ్వ ఇంటి అరుగుమీద కూసుంటే ఆమె ముఖం కంటే ముందు చేతులు కనవడతయి. ఒళ్లె చాట, చాటల తంబాకు, పక్కన తడిబట్టల చుట్టిన తునికాకు. ఆకు కత్తిరిస్తది, తంబాకు పోస్తది, చుడుతది, మూతి మలుస్తది, దారం కడతది. మనం అడిగినదానికి జవాబు వచ్చేలోపల మూడు బీడీలు అయితయి. యాభై దాటిన మనిషి. కోరుట్ల చుట్టుపక్కల "ఓట్లు చెప్పే భూమవ్వ" అంటే గుర్తుపట్టేటోళ్లు. ఇప్పుడు ఆ పేరుతోని ఎవలు పిలువరు. ఎందుకో ఆమె నాకు నాలుగైదుసార్లల్ల, తునకలు తునకలుగ చెప్పింది. నేను వరుస పెట్టి రాస్తున్న.

ఓట్లు చెప్పుడు ఆమెకు బీడీల కాడనే వచ్చింది. ఊర్లె బీడీలు జమ చేసుకునే టేకేదారు శంకరయ్యకు కండ్లు మసకబారినంక, ఆడోళ్లు తెచ్చిన బీడీలల్ల మంచియి చెడ్డయి ఏరే పని భూమవ్వకు అప్పజెప్పిండు. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు, కట్టకు ఇరవై అయిదు. అన్ని విప్పి చూసే తీరిక ఎవలకుంటది? అందరు గంపల మీది కట్ట తీసి చూస్తరు. భూమవ్వ మీది కట్ట ముట్టది.

"మీద మంచియే పెడతరు బిడ్డా. నేను చుట్టి ఇచ్చిన్నాడు నేను గూడ గట్లనే పెట్టిన" అని నవ్వుతది. అడుగున చెయ్యివెట్టి ఒక కట్ట గుంజుతది, నడుమ బొటనవేలుతోని వత్తుతది. తంబాకు తక్కువ పోసిన బీడీలు ఆ నడుమనే దాక్కుంటయట.

ఎలక్షన్లకు గూడ గదే లెక్క. హోటలు కాడ జెండాలు పట్టుకున్నోళ్లను అడుగుడంటే మీది కట్టను చూసుడే. ఆమె వెనుక వాడలకు పోతది. అక్కడ గూడ "నువ్వు ఎవలకు ఏస్తవ్" అని ఎన్నడు అడగది. "నీ పక్కింటోళ్లు ఎవలకు ఏస్తరు పిల్లా?" అంటది. తన ముచ్చటయితే మనిషి దాచిపెడతడు, పక్కింటోని ముచ్చటయితే ఉన్నదున్నట్టు చెప్తడు. గిట్ల రెండుసార్లు సర్పంచిని, రెండుసార్లు ఎమ్మెల్యేను ముందుగాలనే చెప్పింది. ఒక్కసారి తప్పలే. బడి మొఖం చూడని మనిషికి ఊర్లు ఇచ్చిన డిగ్రీ అది. ఆ పేరంటే ఆమెకు పానం.

ఇగ మల్లయ్య ముచ్చట. మల్లయ్య ఆమె పెనిమిటి, తాళ్లెక్కేటోడు. వానలు లేక చెట్లు ఎండినయి, కల్లు తగ్గింది. చెట్టెక్కే మోకును గోడ మొలకు తగిలిచ్చి దుబాయి పోయిండు. పంపిన ఏజెంటు కరుణాకర్. కోరుట్లల మేడమీద ఆయన ఆఫీసు. శుక్రవారం శుక్రవారం మల్లయ్య ఫోను వచ్చేది. 2009ల అక్కడి కంపెనీలు మూతవడుతున్నయని అందరు అనుకునే రోజులల్ల, రెండు శుక్రవారాలు ఫోను రాలే.

భూమవ్వ పొద్దుటి బస్సుకు పోయి ఆ ఆఫీసు మెట్లమీద కూసున్నది. సాయంత్రం దాక ఎవలు పలుకరియ్యలే. మళ్ల తెల్లారి పోయింది. మూడోనాడు గూడ పోయింది. ఆనాడు కరుణాకర్ నలుగురు దోస్తులతోని మెట్లు దిగుకుంట అచ్చిండు.

"సార్, మా ఆయన ఫోను చేస్తలేడు. ఒక్కసారి అరుసుకోండ్రి సార్."

ఆయన చెప్పులు తొడుక్కుంట అన్నడు: "నీ మొగడు ఆడ ఇంకొకదాన్ని పెట్టుకున్నడు. గందుకే చేస్తలేడు. ఇంటికి పో."

నలుగురు నవ్విన్రు.

ఆ మాట భూమవ్వ కంటె ముందే ఊరు చేరింది. అత్త నమ్మింది. వాడకట్టు నమ్మింది. "నేను గూడ నమ్మిన" అంటది భూమవ్వ. ఆమె చేతులు ఆగుడు నేను చూసింది గీ మాట కాడనే. నమ్మి, ఒకనాడు మొలకున్న మోకును తీసి పొయ్యిల పెట్టింది. నాలుగు నెలలు పొద్దున లేసి ఆయనను తిట్టుకుంటనే బీడీలు చుట్టింది. తర్వాత ఠాణా నుంచి కాగితం అచ్చింది. మల్లయ్య లేబర్ రూముల నిద్రలనే గుండె ఆగి సచ్చిపోయిండు. అడిగేటోళ్లు లేక పీనుగు దవాఖాన ఐసు పెట్టెల ఉన్నది. కాగితంమీది తారీఖును ఆమె ఇద్దరితోని చదివిచ్చుకున్నది. ఆమె మెట్లమీద కూసున్న మొదటి దినానికి పదకొండు దినాల ముందటి తారీఖు.

"కరుణాకర్‌కు ఎరుకనో లేదో నాకు తెల్వది. ఒక్క ఫోను చేస్తే ఎరుకయితుండె. చెయ్యలే. నవ్విండు."

తొమ్మిదేండ్లకు కరుణాకర్ అసెంబ్లీకి నిలవడ్డడు. ఏ పార్టీ టికెట్ ఇయ్యకపోతే ఇండిపెండెంటుగ. గుర్తులు ఇయ్యకముందే, తనది కుట్టుమిషను గుర్తని ఊరూర చాటిచ్చుకున్నడు. "దుబాయి కుటుంబాల అన్న" అని గోడలమీద రాయించుకున్నడు. సిరిసిల్లల నేయించిన కండువాలు లారీల దిగినయి. జనం నిజంగనే వెంట తిరుగుతున్నరు. చూసి బెదిరిన ఒక పెద్ద పార్టీ కబురు పంపింది: పోటీల నుంచి తప్పుకో, మేం గెలిచినంక నీకు చైర్మను పదవి ఇస్తం. నామినేషను వాపసు తీసుకునే ఆఖరు తారీఖుకు ఇంక మూడు వారాలున్నది. నిలవడాల్నా, తప్పుకోవాల్నా? ఎవలో భూమవ్వ పేరు చెప్పిన్రు.

కారు దిగి అచ్చి అరుగుమీద కూసున్నడు. భూమవ్వ ఆయన మొఖం చూసింది. ఆయన గూడ ఆమె మొఖం చూసిండు. గుర్తువట్టలే.

"భూమక్కా, నీ లెక్క తప్పదంటరు. నా సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలె. గెలువనంటే పదవి తీసుకొని పక్కకు జరుగుత, పరేషాన్ లేదు."

"ఉన్నదున్నట్టే చెప్త సారూ. నలభై ఊర్లు తిరగాలె. ఆటో కావాలె."

"ఆటో ఏంది, కారు తీస్కో!"

"కార్ల పోతే మీది కట్టనే కనవడతది."

ఆయనకు సమజ్ కాలే గని నవ్విండు. ఆ నవ్వు మారలేదని భూమవ్వ నాతోని అన్నది.

ఆయన పంపిన ఆటో దావీదుది. ఊరికి ఇరవై అయిదు ఇండ్లు తిరగాలె. రాత రాని భూమవ్వ ఇంటికొక బీడీ పక్కన పెట్టుకున్నది. కుట్టుమిషను అంటే మూతి పైకి. పెద్ద పార్టీ అంటే మూతి కిందికి. ఇంకో పార్టీ అంటే మూతి మలవని బీడీ. ఇరవై అయిదు కాంగనే దారం చుట్టుడు. ఊరికొక కట్ట.

మొదటి ఊర్లె లీల అనే ఆమె తను గూడ చాట ముందటేసుకొని ఉన్నది. "మా పక్కిండ్లన్ని కుట్టుమిషనే వదినె. దుబాయోళ్ల బాధ ఎరుకైన మనిషంట గద" అన్నది. భూమవ్వ మూతి పైకి పెట్టుకున్నది. లేసేటప్పుడు లీల ఊకనే అడిగింది: "నీ ఇంటాయన ఏంజేస్తడు వదినె?"

భూమవ్వ మళ్ల కూసున్నది. చెప్పింది. మెట్లు, మూడు దినాలు, ఆ నవ్వు, పొయ్యిల కాలిన మోకు, కాగితంమీది తారీఖు. లీల చాట పక్కకు జరిపింది. ఆమె మొగడు మస్కట్ల ఉన్నడు.

"వదినె, గా బీడీ తిప్పు."

"తిప్ప."

"అరె, నేను చెప్తున్న గద! మా వాడకట్టుకు నేను చెప్పుకుంట. తిప్పు."

"నేను అడిగినప్పుడు నువ్వు చెప్పింది గది. లెక్క లెక్కనే. నేను పోయినంక నువ్వు ఏం జేసుకున్నా నీ ఇష్టం."

ఆ ఇంట్లనే ఆమెకు తొవ్వ దొరికింది. ఇగ ప్రతి ఇంట్ల ముందు అడుగుడు, బీడీ పెట్టుడు. ఆ తర్వాత ముచ్చట. వరుస ఒక్కనాడు తప్పలే. ముచ్చట చెప్పినంక అడిగితే అది దొంగ కట్ట అయితది గద!

రెండో ఊరు దాటినంక దావీదు అన్నడు: "అక్కా, గీ ముచ్చట మా సారు చెవులవడితే నా ఆటోకు కిరాయి బందు."

"పోయి చెప్పరాదు మరి."

దావీదు చెప్పలే. ఆయన తమ్ముడు గూడ ఆ మెట్లెక్కే బహ్రెయిన్ పోయిండు, పోయి ఏడాది జైల్ల ఉండి అచ్చిండు. తొమ్మిదో ఊర్లె ఎండకు అలిసి భూమవ్వ ముచ్చట సగంలనే లేస్తుంటే, దావీదు ఆటోల నుంచి వొర్రిండు: "అక్కా! సారు చెప్పులు తొడుక్కుంట అన్న మాట చెప్పుడు మర్చిపోయినవ్!"

ఆఖరు తారీఖుకు ఒకదినం ముందు గంప కరుణాకర్ ఇంటికి చేరింది. నలభై కట్టలు. ఆయన మనుషులే విప్పి, రెండుసార్లు ఎంచిన్రు. వెయ్యిట్ల నాలుగు వందల ఇరవై మూతులు పైకి. మిగిలినయి ఇద్దరు పంచుకుంటె ఏ ఒక్కనికి మూడున్నర వందలు దాటలే.

"అంటే గెలుస్తున్న! గంతే గద అక్కా?"

"నీ ముంగటనే ఉన్నయి గద సారూ. నేను అడిగిననాడు ఏ ఇల్లు ఏం చెప్పిందో గదే ఉన్నది."

ఆ మాటల ఒక్క అక్షరం అబద్ధం లేదని ఇప్పటికి ఆమె పట్టుదల. "మరి నీ పేరు పోతదని అప్పుడు తోచలేదా అవ్వా?" అని అడిగిన. "ఎందుకు తోచది? పదేండ్లు కట్టుకున్న పేరాయె. అయినా గంప దించిన."

కరుణాకర్ పెద్ద పార్టీకి కుదరదని చెప్పిండు. గంపను దాచిపెట్టుకున్నడు. మీటింగులల్ల ఒక బీడీ కట్టను పైకెత్తి "భూమక్క లెక్క!" అనేటోడు. కిందినుంచి ఆడోళ్లు చప్పట్లు కొట్టేటోళ్లు. ఎందుకు కొడుతున్నరో ఆయనకు ఎరుకలే.

గంప దించిన ఇరవై దినాలకు జగిత్యాలల ఓట్లు ఎంచిన్రు. కరుణాకర్ మూడో జాగల ఉన్నడు. డిపాజిట్ గూడ దక్కలే.

తెల్లారి మళ్ల అదే కారు. భూమవ్వ అరుగుమీద నలుగురు ఆడోళ్లతోని బీడీలు చుట్టుకుంట ఉన్నది. కరుణాకర్ గంప తెచ్చి ఆమె చాట ముందట బోర్లించిండు.

"ఏందే ఇది? నీ లెక్క తప్పదన్నరు గద! నీ బీడీలు చూసి చేతికచ్చిన పదవి ఇడిసివెట్టిన. యాడవోయినయి నా ఓట్లు?"

భూమవ్వ చేతిల బీడీకి మూతి మలిచింది, దారం కట్టింది, చాటల పెట్టింది. అప్పుడు తలెత్తింది.

"నీ ఓట్లు ఇంకొకన్ని పెట్టుకున్నయి సారూ. గందుకే అస్తలెవ్వు. ఇంటికి పో."

నలుగురు ఆడోళ్లు నవ్విన్రు. కరుణాకర్‌కు ఏం సమజ్ కాలే.

"ఏం మాటలు మాట్లాడుతున్నవే?"

"నీ మాటలే. కోరుట్లల నీ ఆఫీసు మెట్లమీద మల్లయ్య పెండ్లానికి చెప్పినయి."

"ఏ మల్లయ్య?"

నవ్వేటోళ్లు నవ్వు ఆపిన్రు. భూమవ్వ అరుగు కింద ఉన్న మూడు మెట్లు చూపిచ్చింది.

"గాడ కూసో. మూడు దినాలు కూసుంటె యాదికస్తడు."

ఆయన కూసోలే. కారెక్కి పోయిండు. ఆడోళ్లు దిగి, మట్టిల పడ్డ బీడీలను చాటలకు ఏరిన్రు.

నెల తిరుగకముందే సర్పంచి ఎలక్షన్లు అచ్చినయి. ఎవలు భూమవ్వ అరుగెక్కలే. "ఆమె లెక్క గూడ తప్పింది పోరా" అన్నరట హోటలు కాడ. ఆ నలభై ఊర్ల ఆడోళ్లకు అసలు సంగతి ఎరుకే గని, వాళ్లు హోటలు కాడికి పోరు. తన లెక్క తప్పలేదని భూమవ్వ ఎవలకు చెప్పుకోలే.

"ఇప్పుడన్న కడుపుల మంట సల్లారిందా అవ్వా?" అని మొన్న అడిగిన.

ఆకుకు కత్తెర పెట్టి, ఎంచుకున్నట్టే చెప్పింది:

"ఆయన మాట నమ్మి నేను నాలుగు నెలలున్న. నా బీడీలు నమ్మి ఆయన ఇరవై దినాలే ఉన్నడు. ఇంక మూడు నెలల పది దినాలు తక్కువున్నది."