స్వప్న ఆది జాకెట్టు

2016. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను టైలరింగ్ షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. కోచింగ్ సెంటర్ మెట్ల పక్కన చిన్న గది. మాది గుంటూరు వైపు కాబట్టి ఇక్కడి ఆడపిల్లలు నన్ను ‘ఆంధ్రా ఆంటీ’ అంటారు. అననీండి. నా కుట్టుకు వంక పెడితే మాత్రం ఊరుకోను. ఇంకో సంగతి, నాకు శుభ్రత పిచ్చి. నలిగిన బట్ట, సుద్దగీత ఉన్న బట్ట నా షాపు గడప దాటదు. ఆ పిచ్చితోనే ఒక తల్లికి తీరని అన్యాయం చేశాను.

జాకెట్టు కుట్టించుకునేవాళ్లు, తమకు సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి కొత్త గుడ్డతోపాటు తెచ్చిస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాని కొలతతోనే కటింగ్. విడిచింది విడిచినట్టే కవర్లో కుక్కి ఇచ్చేవాళ్లే ఎక్కువ.

స్వప్న అలాగే ఇచ్చింది. చీరల షాపులో సేల్స్‌గర్ల్, ఇరవై రెండేళ్లుంటాయి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో తల్లితో కలిసి కిరాయింట్లో ఉండేది. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.

“ఆంటీ, శనివారం కల్లా కావాలె. మా షాపుల ఫంక్షన్ ఉన్నది.”

“ఇస్తాలే గానీ, చెయ్యి ఇలా పెట్టు. సన్నబడ్డావు.”

“అయ్యో, గీ పాతదాని లెక్కనే కుట్టు ఆంటీ!” అని నవ్వుతూనే చెయ్యి చాపింది. టేపు చుట్టి, చేతి లూజు పది అని పుస్తకంలో రాసుకున్నాను.

శనివారం రాలేదు. ఆదివారం పేపర్లో ఫొటో వచ్చింది. తుర్కయంజాల్ అవతల ఖాళీ ప్లాట్లలో శవం, ఎవరో గొంతు నులిమి చంపారని రాశారు. నేను నమ్మలేదు. మళ్లీ చదివాను. అదే నవ్వు. మూడు రోజుల కిందట నా టేపు చుట్టుకున్న పిల్ల!

తర్వాత పోలీసులు వచ్చారు. ఎప్పుడొచ్చింది, ఎవరితో వచ్చింది అని అడిగారు. ఆది జాకెట్టు చూసి, అది తమకు అక్కర్లేదని వెళ్లిపోయారు.

తల్లి వస్తే ఇవ్వాలి కదా. చెమట పట్టిన బట్టను ఎలా ఇస్తాం? సబ్బుపొడిలో నానబెట్టి, శుభ్రంగా ఉతికి, చివర్లో సువాసన నీళ్లలో జాడించి, ఇస్త్రీ చేశాను. కొత్తదీ కుట్టి పూర్తి చేశాను. నా చేతనైంది చేశానని మనసు కొంచెం కుదుటపడింది కూడా.

దినాలయ్యాక ఆమె వచ్చింది. “యాదమ్మను. స్వప్న వాళ్లమ్మను. నా బిడ్డ జాకిట్ మీ తాన ఉన్నదంట గద అక్కా.”

రెండూ కొత్త కవర్లో పెట్టి ఇచ్చాను. కొత్తదాన్ని పక్కన పెట్టేసింది. పాతదాన్ని ముఖానికి ఆనించుకుంది. తిరగేసి చంక దగ్గర వాసన చూసింది. మళ్లీ చూసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

“ఉతికినవా అక్కా?”

“అవునమ్మా, శుభ్రంగా...”

యాదమ్మ నేల మీద కూర్చుండిపోయింది. “ఒంటి మీదియి పోలీసోళ్లు తీస్కపోయిన్రు. ఇంట్లయన్ని మా ఆడబిడ్డలు మూట గట్టి పారేసిన్రు, ఉంచొద్దన్నరు. గిదొక్కటే మిగిలిందని ఉరికొచ్చిన. దాని వాసన గిండ్లనన్న ఉంటదనుకున్న.”

ఛీ, ఎంత పని చేశాను! ఎవరు ఉతకమన్నారు నన్ను? ఆమె తిట్టినా బాగుండేది.

ఏం చెయ్యాలో తోచక కొలతల పుస్తకం తెరిచాను. స్వప్న పేరున్న పేజీ చూపించాను. ఆమెకు చదువు రాదు.

“గీ అంకె ఏంది అక్కా?”

“పది. నీ కూతురి చెయ్యి చుట్టుకొలత.”

టేపును పది అంగుళాల దగ్గర గుండ్రంగా మడిచి గుండుసూది గుచ్చి ఇచ్చాను. యాదమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, నిజంగా చెయ్యి పట్టుకున్నట్టే. “గింతనేనా? గింత సన్నగుండెనా నా బిడ్డ?” అని అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సూది తీసేసి ఆ చుట్టును దారంతో గట్టిగా కుట్టాను. మిగతా టేపు కత్తిరించేశాను. అది ఆమె వెంట తీసుకెళ్లింది.

అప్పటినుంచి ఎవరి బట్టకైనా నీళ్లు తగిలించే ముందు అడుగుతాను. ‘ఆంటీ, ఇది కూడా అడగాలా?’ అని పిల్లలు ఎగతాళి చేస్తారు. అడగాలి. ఒకరి దుఃఖంలో ఏది మురికో, ఏది కాదో నేనెవర్ని తేల్చడానికి?

చంపినవాడు ఇప్పటికీ దొరకలేదు. ఏటా స్వప్న పోయిన రోజున షాపు మూసి యాదమ్మతో పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను. ఆమె ఒంటరిగా వెళ్తే బయటి బెంచీ మీదే పొద్దుగూకేది. నాకు నోరుంది కాబట్టి లోపలిదాకా వెళ్తున్నాం. ఆఫీసర్లు మారుతుంటారు. వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే, “స్వప్న ఎవరమ్మా?”

పోయిన ఏడు కొత్తగా వచ్చినాయన రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగాడు, “స్వప్న ఎవరు? ఏ కేసు?”

నేను గొంతు పెంచబోయాను. యాదమ్మ నన్ను ఆపింది. సంచిలోంచి ఆ టేపు చుట్టు తీసి, ఆయన రాస్తున్న కాగితం మీద పెట్టింది.

“నా బిడ్డ సార్. ఇది దాని చెయ్యి. జర పట్టుకొని సూడుండ్రి.”