నేను మానిపించిన ఆచారం

ఒక మంచి పేరు నా మెడకు గుదిబండలా వేలాడుతోంది. కొన్నేళ్లుగా మోస్తున్నాను. చెడ్డపేరైతే మోయగలిగేదాన్నేమో. నలుగురూ తిట్టేవాళ్లు, నేనూ తిరిగి తిట్టేదాన్ని, అక్కడితో అయిపోయేది. ఇది అలా కాదు. పొగిడిన ప్రతిసారీ తల వంచుకుంటాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మూడో తరగతితో బడి మానినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది పెనుకొండ. ముందు అంగడి, వెనక ఇల్లు. పెద్దకొడుకు కుటుంబం ధర్మవరంలో ఉంటుంది. చిన్నకొడుకు, చిన్నకోడలు రమ్య నా దగ్గర. రమ్య సి.ఏ. చదువులో చాలా దూరం వచ్చాకే మా ఇంటికి కోడలైంది. చివరి పరీక్ష ఒక్కటే మిగిలింది. పగలు హిందూపురంలో ఒక ఆడిటరు దగ్గర పని. పొద్దున రైలుకు పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. పోయేముందు వంట, వచ్చాక వంట. ఇక చదువెప్పుడు? రైల్లో నిలబడి చదివేది. చెవిలో వైరు పెట్టుకుని, ఫోనులో పాఠాలు వింటూ కూరలు తరిగేది. పిలిస్తే పలక్కుండా అదేం పద్ధతని నేను తీయించాను.

మా ఇంట్లో ఆడవాళ్లు నెలకు మూడు రోజులు బయట కూర్చోవాలి. మా అత్త పెట్టిన నియమం. నేను గట్టిగా నిలబెట్టిన నియమం. మెట్ల పక్క గదిలో చాప, కంచం, చెంబు వేరుగా. వంటింట్లోకి రాకూడదు, ఏదీ ముట్టకూడదు. ఆఫీసుకు మాత్రం పోవచ్చు. సంపాదనకు మా ఇంట్లో మైల లేదు. గడప లోపలే మైల.

పెళ్లయిన కొత్తలో రమ్య దీనికి ఎదురు తిరిగింది. ఇదంతా ఎక్కడ రాసి ఉందని నన్ను నిలదీసింది. నేను లొంగలేదు. పోనుపోనూ ఆమే నోరు మూసుకుంది. అంతే కాదు, ఆ గదికి సంతోషంగా పోసాగింది. ఎందుకో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ మూడు రోజులూ ఆమెను ఎవరూ పిలవరు. అన్నం నేనే వండి గుమ్మం దగ్గర పెట్టాలి. ఆమె పొద్దునా చదువుకుంటుంది, సాయంత్రమూ చదువుకుంటుంది. నేను మోకాళ్లు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడతాను.

ఆ ఏడు పరీక్ష ఎండాకాలంలో వచ్చింది. ఆడిటరు అడిగినంత సెలవు ఇవ్వలేదు. ఆ నెలలో రమ్య బయట కూర్చుని, తలస్నానం చేసి లోపలికి వచ్చిన వారానికే మళ్లీ చాప తీసుకుంది. అబద్ధమని తెలిసిపోయింది. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో పుస్తకం. పెదవులు కదులుతున్నాయి. ముఖంలో ఎంత నెమ్మది!

నాకు అబద్ధం మీద కోపం వచ్చిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. కాదు. ఆ నెమ్మది చూస్తే మండింది.

అబద్ధం బయటపెడితే కొడుకు ఆమె వైపే మాట్లాడతాడు. పుస్తకం సరస్వతి, మైలలో ముట్టకూడదంటే నవ్వుతాడు. ఆలోచించాను. ఆదివారం మధ్యాహ్నం వాడు అన్నానికి కూర్చున్నప్పుడు, వాడికి వినబడేలా ఆ గది ముందు నిలబడ్డాను.

"ఏమే రమ్యా, లేసి లోపలికి రా. ఇంక మనింట్లో ఎవురూ బయట కూచునే పని లేదు."

"ఏంటికత్తా?" అంది, అర్థం కాక.

"ఏంటికేముండాది? నువ్వే గదా అడిగితివి, ఇదంతా యాడ రాసుండాదని. యాడా రాయలేదు. నువ్వు చెప్పిందే నిజం."

నా కొడుకు ముద్ద చేతిలోనే పట్టుకుని నవ్వాడు. "ఏమ్మా, నువ్వేనా ఈ మాట అంటాండేది? ఎండదెబ్బ ఏమన్నా తగిల్నాదా?"

రమ్య పుస్తకం మూయలేదు. పేజీల మధ్య వేలు పెట్టుకునే లేచి నిలబడింది. "ఈ ఒక్క నెల పోనీ అత్తా. పరీక్ష అయిపోనీ, ఆమీట మానేద్దాం."

"మంచి పనికి గూడా ముహూర్తం సూడల్లా? సదువుకున్నదానివి, నువ్వే ఇట్లంటే ఎట్ల? రా, సండిగల పిండి కలపల్ల."

"లేసి రా రమ్యా," అన్నాడు కొడుకు. "మాయమ్మ మనసు మారిండాది. మళ్లా మారకముందే వచ్చెయ్!"

ఆమె నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఇద్దరికీ అంతా తెలిసిపోయింది. ఏమని కాదంటుంది? తాను కాదన్న ఆచారాన్ని ఉంచమని, ఆడిన అబద్ధం బయటపడకుండా, మొగుడి ముందు ఎలా అడుగుతుంది? చాప చుట్టింది. వంటింట్లోకి వచ్చింది.

అక్కడితో ఆగానా? లేదు. సండిగలు, అంటే వడియాలు, పెట్టడం, మామిడికాయ ఊరగాయ, ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలకు తొడిమలు తీయడం, ఒకదాని తర్వాత ఒకటి పని కల్పించాను. మనిషిని పెట్టుకుందామని కొడుకు అంటే, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుండగా దండగ అన్నాను. నా పొదుపు అందరికీ అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పరీక్ష కొద్దిలో పోయింది. మళ్లీ రాయమన్నాడు కొడుకు. అప్పటికి కడుపుతో ఉంది. ఆ తర్వాత చంటిబిడ్డ. పుస్తకాలు అటకెక్కాయి. ఇప్పటికీ ఆ ఆడిటరు దగ్గరికే పోతోంది. లెక్కలన్నీ ఆమె చూస్తుంది. కింద సంతకం ఇంకొకరిది.

ఎందుకు చేశాను? మోకాళ్ల నొప్పికా? ఆమె ఎదిగిపోతే నా మాట చెల్లదనా? అవీ ఉన్నాయి. కానీ వాటి కింద ఇంకొకటుంది, దాన్ని రాయడానికే చెయ్యి ఆడటం లేదు. మా పుట్టిన ఊరు గుడిబండ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నేనూ అదే గదిలో కూర్చున్నాను. ఈ ఇంట్లో నన్నెవరూ పిలవని రోజులు అవే. వాటి కోసం నేనూ ఎదురుచూసేదాన్ని. ఒళ్లెరగకుండా నిద్రపోయేదాన్ని. అంటే, ఆమె దగ్గర ఏం లాక్కుంటున్నానో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. నాకు ఆ రోజుల్లో పడుకోవడమొక్కటే తెలిసింది. ఆమె వాటితో ఒక బతుకు కట్టుకుంటోంది. ఓర్వలేకపోయాను.

ఊళ్లో మాత్రం నాకు పేరొచ్చింది. అంత కరుకు ముసలామె ఎంత మారిందో చూడండని ఇరుగుపొరుగు కోడళ్లు తమ అత్తలకు చెప్పుకున్నారు. మొన్న ధర్మవరం నుంచి పెద్దకొడుకు కూతురు వచ్చింది. కాలేజీలో నా గురించి మాట్లాడిందట, చప్పట్లు కొట్టారట. "ఆ పొద్దు నువ్వెంత సంతోషపడింటావో గదా చిన్నమ్మా?" అని రమ్యను అడిగింది.

రమ్య తలెత్తకుండా అంది: "మీ అవ్వ తలుచుకుంటే ఏమైనా చేస్తాది పాపా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రమ్యకు చెప్పాలా? ఆమెకు తెలుసు. ఇప్పుడు చెప్పడమంటే క్షమించమని అడగడమే. అది కూడా ఆమె నెత్తిన ఇంకో పని వేయడమే. చెప్పను. ఆ ఆచారం పోవడం మంచిదే. నా మనవరాళ్లు ఆ గదిలో కూర్చోరు. కానీ ఆ మంచి నేను చేసింది కాదు. నేను చేసింది ఒక ఆడపిల్ల చదువు చెడగొట్టడం. అది బయటికి మంచిగా కనబడింది, నేను కనబడనిచ్చాను.

రాసేశాను. ఇన్నేళ్లకు నా గురించిన నిజం నా లోపల కాకుండా ఇంకొకచోట ఉంది. ఊపిరి కొంచెం ఆడుతోంది.