సైరన్ విని కొట్టిన గంట

"రెండో గంట కొట్టినంక వస్తే ఎర్ర గీతనే, టీచరమ్మా."

"నా చేతి గడియారంల ఇంకా టైం ఉన్నది సార్. మీరే చూడుండ్రి."

"ముల్లు తిప్పుకునుడు ఎంతసేపు? నాలుగో తరగతి పిల్లలు సుత చెప్పరు గింత అబద్ధం."

"నా పిల్లల ముందట నన్నే అబద్ధాలకోరంటరా? జర మర్యాదగ మాట్లాడుండ్రి!"

గోదావరిఖనిలో, బొగ్గుబాయి కార్మికుల పిల్లలు చదివే ఒక బడి వరండాలో జరిగిన కొట్లాట ఇది. డెబ్భైల మొదట్లో నేను అక్కడ ఆయాను. బాయిలో పనిచేసే నా పెనిమిటి జబ్బుతో పోయినంక దొరికిన కొలువు, అదీ టెంపరరీ. ఇద్దరు ఆడపిల్లలు. కొలువు పోతే కమాన్‌పూర్‌లో తమ్ముని ఇల్లే దిక్కు.

ఆయా పని అంటే ఊడ్చుడు, కుండల్లో నీళ్లు నింపుడు, గంట కొట్టుడు. మొదటి గంటకు పిల్లలు వరుసలు కట్టి ప్రార్థన మొదలుపెట్టాలె. రెండో గంట లోపల టీచర్లు హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలె, లేకుంటే పేరు ఎదురుగా ఎర్ర గీత. మూడు గీతలైతే మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం. బసంత్‌నగర్ నుంచి బస్సులో వచ్చే సుగుణ టీచర్‌కు అది మూడో గీత. గీసింది లెక్కల రాజేశం సార్. పెద్దసారు సెలవు పెడితే, ఆ పొద్దు లెక్క, పుస్తకం సీనియర్ అయిన ఆయన దగ్గర ఉండేది.

పెద్దసారు గదిలో గోడ గడియారం చూసి గంట కొట్టాలని రూలు. నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు వచ్చు గాని గడియారం చూడ రాదు. చేరిన నాడు ఎవరూ అడగలే, నేనూ చెప్పలే. పొద్దుగాల బాయి సైరన్ కూస్తే మొదటి గంట, ప్రార్థన అయినంక రెండోది. గట్లనే నడిపిన.

గోడ గడియారం చూద్దామన్న సోయి లేక వాళ్లు కొట్లాడుతుండగనే సైరన్ మళ్లా కూసింది. రోజూ వినే మోతే కాబట్టి ఎవరూ తలెత్తలే. నా చీపురు మాత్రం ఆగింది. రాత్రి సైరన్ చెడిందని విన్న; ఇందాక కూసింది దాన్ని బాగుచేసి ఊది చూసినప్పటిది. అసలు కూత ఇది. టీచర్ గడియారం నిజం, నా గంట తప్పు.

చెప్తే కొలువు పోతది. ఊడ్చిన చోటే మళ్లా ఊడ్చిన. రోజూ కలిసి తినే టీచర్లు ఆ పొద్దు రెండు దిక్కుల కూర్చున్నరు. సుగుణ టీచర్ టిఫిన్ డబ్బా మూత తియ్యనేలే. నీళ్లకు వచ్చిన ఒక పిల్ల, "ఆయమ్మా, మా టీచర్ నిజంగనే అబద్ధమాడిందా?" అని మెల్లగ అడిగింది. కుండలోంచి నీళ్లు ముంచి ఆ పిల్ల చేతికిచ్చిన.

బడి విడిచినంక ఇద్దరినీ ఒక్క గదిలోకి రమ్మన్న. ఒక్కొక్కరికి విడిగ చెప్తే మాట మారుతది.

"తప్పు నాది సారూ. నాకు గడియారం చూడ రాదు. సైరన్ విని కొట్టిన."

"ఇన్నేండ్ల సంది గట్లనేనా?"

"గట్లనే సారూ."

సుగుణ టీచర్‌కు కండ్లల్ల నీళ్లుండంగనే నవ్వు ఆగలే. "లెక్కల సార్ సుత నీ గంట వినే గడియారం తిప్పుకున్నట్టున్నడు లచ్చమ్మా!"

సార్ నవ్వలే. పుస్తకం తెరిచి ఎర్ర గీత చూసి, ఈ సంగతి రేపు పెద్దసారుకు చెప్పక తప్పదని, నా నౌకరి ఆయన చేతుల ఉన్నదని అన్నడు. తలూపిన.

బడిలో పెద్దోళ్లు మాట జారుతరు. పిల్లల ముందట జారిన మాటను పిల్లల ముందటనే వాపసు తీసుకోవాలె. తప్పు తన దగ్గర ఉన్నదని తెలిసినోళ్లు అప్పుడే చెప్పాలె. నేను సాయంత్రం దాక ఆగుడు రెండో తప్పు.

మర్నాడు పొద్దున పెద్దసారు అంతా విన్నడు. నన్ను తీసెయ్యలే. నెల రోజులల్ల గడియారం నేర్చుకొమ్మన్నడు, అందాక ఒక టీచర్ పక్కనుండి టైం చెప్పాలన్నడు. రాజేశం సార్ తానే ఉంటనన్నడు. ఎర్ర గీత పక్కన ఇది తన పొరపాటని రాసి సంతకం చేసిండు. ప్రార్థన అయినంక వరుసల ముందు నిలబడి, నిన్న టీచర్‌ను అన్న మాట తప్పని, ఆమె చెప్పిందే నిజమని పిల్లలకు చెప్పిండు. సుగుణ టీచర్ నమస్కారం పెట్టింది. సార్ టైం అయిందని చెయ్యి ఊపిండు. నేను రెండో గంట కొట్టిన.