పంక్తిలో కూర్చున్న బ్యాటరీలు

ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని బతికేవాడు కరెంటు దగ్గర మోసపోయాడంటే, ఈతగాడు బకెట్లో మునిగినట్టే. నేను మునిగాను. అదీ మర్యాద కోసం మునిగాను.

రామచంద్రపురంలో మా ఇంటి వెనక వరండాలో ఓ సిమెంటు అరుగుంది. రిమోటుతో ఎగిరే నా బొమ్మ విమానాలకి అదే పెట్రోలు బంకు. జుట్టు నెరిశాక ఇదేం సరదా అని అడగకండి. మా ఆవిడ అడిగింది, చాలు. చివరికి ఒక్క షరతు మీద అరుగు ఇచ్చింది: "నాకు వాటి గురించి తెలీదు. మీరు జాగ్రత్తగా ఉంటారని మిమ్మల్ని నమ్ముతున్నాను, వాటిని కాదు."

ఈ విమానాలకి వాడేది లిథియం బ్యాటరీ. చూడ్డానికి సబ్బుబిళ్లంత, కోపమొస్తే కొంపంత. ఒక్కోదాన్నీ విడిగా ఛార్జి చేస్తే ఆదివారం కాస్తా అక్కడే అయిపోతుంది కాబట్టి, ఒక బోర్డుకి నాలుగైదింటిని పక్కపక్కనే తగిలించి ఒకే ఛార్జరుతో నింపుతాం. పంక్తి భోజనమన్నమాట. అయితే ఈ పంక్తిలో కూర్చునేవాళ్లందరి ఆకలీ ఒకేలా ఉండాలి. ముందు దేనికది మీటరు పెట్టి, వోల్టేజీలు సమానంగా ఉన్నాయని చూసుకునే కలపాలి. లేకపోతే నిండుగా ఉన్నది ఖాళీదాని నోట్లో ఒక్కసారిగా కుమ్మరించేస్తుంది, మధ్యలో ఛార్జరు కూడా ఏమీ చేయలేదు. దెబ్బ తిన్నదాన్నీ ఉబ్బినదాన్నీ అసలు పిలవనే కూడదు. వడ్డన పూర్తయ్యేదాకా మనిషి పక్కనే ఉండాలి. ఇవన్నీ నాకు తెలుసు. ఇసుక బకెట్టు కూడా అరుగు పక్కనే పెట్టుకున్నాను.

ఈ పంక్తికి ప్రతి ఆదివారం వచ్చే అతిథి, మా వీధి చివర బట్టలకొట్టాయన. మా ఆవిడని చెల్లెమ్మా అని పిలుస్తాడు కనుక నాకు బావగారయ్యాడు. ఆయన విమానమూ నాదీ ఒకటే రకం, బ్యాటరీలూ అంతే. నా బ్యాటరీలకి మీటరు పెట్టేవాణ్ణి. ఆయన వాటికి పెట్టేవాణ్ణి కాదు. భోజనానికి పిలిచిన మనిషిని, చేతులు కడుక్కున్నారా, ఏవీ చూపించండి అని అడుగుతామా? "చూసేశారా అండీ?" అనేవాణ్ణి, అంతే. చూడకుండా తెస్తానా బావగారూ, అనేవాడు. మీ అంత జాగ్రత్త మనిషి మన జిల్లాలోనే లేడండి, అని ఓ మాట తగిలించేవాడు కూడా. ఎక్కువ నింపితే ఉబ్బే జాతిలో బ్యాటరీల తర్వాత నేనే. పొగడ్తలో ముందే పొగ ఉందని గమనించలేదు.

ఆ ఆదివారం పంక్తి వేసీ వేయగానే, కొట్టు తాళం చూసొస్తానని ఆయన లేచి వెళ్లాడు. నేను కూర్చున్నాను. కాసేపటికి ఆయన తెచ్చిన వాటిలో, నల్లటేపు చుట్టినది ఒకటి నూనెలో పూరీలా పొంగడం మొదలెట్టింది. ప్లగ్గు పీకేలోపు పొగ, పొగ వెనకే మంట. వంటింటి పట్టుకారుతో దాన్ని లాగి పెరట్లోకి విసిరి ఇసుక కుమ్మరించాను. చేతులు బాగానే ఉన్నాయి. గోడ మాత్రం నల్లబడింది. తీగ మీద ఆరేసిన మా ఆవిడ చీరకి నిప్పురవ్వ పడి చిల్లు పడింది. ఆ చీర ఆయన కొట్లో కొన్నదే.

పొగ చూసి ఆయన పరుగున వచ్చాడు. నావైపు చూడకుండా నేరుగా మా ఆవిడతో అన్నాడు:

"బావగారు ప్లస్సూ మైనస్సూ తిప్పి పెట్టుంటారమ్మా. వయసు కదా, చూపు తగ్గుతుంది. ఏమనకు పాపం."

ఎంత జాలిగా అన్నాడంటే, నేనే నమ్మేశాను. మర్నాటికి అరుగు మీద మా ఆవిడ పూలకుండీలు వెలిశాయి. నన్ను నమ్ముతున్నానన్న మాట వెనక్కి తీసుకుందని కుండీలే చెప్పాయి. కాఫీ హోటల్లో తెలిసినవాళ్లు కప్పు అందిస్తూ, పిడి ఎటుందో చూసుకోండి మాస్టారూ, అనడం మొదలెట్టారు. కథ అక్కడిదాకా ఎవరు మోసుకెళ్లారో నేను అడగలేదు. మళ్లీ మర్యాదే.

కొన్నాళ్లకి మాతోపాటు విమానాలు ఎగరేసే బ్యాంకు ఉద్యోగి ఒకాయన నా ఫోనుకి ఓ వీడియో పంపాడు. మంటకి ముందురోజు ఎవరో తీసినది. బట్టలకొట్టాయన విమానం కొబ్బరిచెట్టుని గుద్దుకుని కాలవగట్టు మీద పడుతుంది. నవ్వుకోమని పంపాడు, చివర్లో మాటలు వినలేదనుకుంటాను. నేను విన్నాను. మూల నొక్కుకుపోయిన బ్యాటరీ చేత్తో పట్టుకుని మా బావగారు అంటున్నాడు:

"టేపు చుట్టి రేపు పంక్తిలో కూర్చోబెట్టేస్తానండి. ఆయన మీటరు పెట్టడు. మొహమాటం."

కాలిన గోడకి సున్నం వేయొచ్చు. ఆ ఒక్క ముక్కకి ఏం వేయాలో తెలియలేదు. ఆయన బ్యాటరీకి నేను మీటరు పెట్టలేదు గానీ, నా మొహమాటానికి ఆయన ఎప్పుడో పెట్టేసి కొలత తీసుకున్నాడు.

మా ఆవిడకి చూపించాను. రెండోసారి కూడా వేయించుకుని చూసింది. "ప్లస్సు ప్లస్సుకే పెట్టారన్నమాట," అంది. తర్వాత ఒక్కో కుండీ ఎత్తి పెరట్లో పెట్టడం మొదలెట్టింది. నేనూ ఓ చెయ్యి వేశాను. ఆఖరి కుండీ దించుతూ, ఆదివారం అన్నయ్యగారిని టిఫినుకి పిలవండి అంది.

వచ్చాడు, బ్యాటరీల సంచీతో సహా. పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి మారు వేయించుకుని తిన్నాడు. సంచీ తెరవగానే నేను మీటరు తీసి, ఇలా ఇవ్వండి బావగారూ, నాడి చూద్దాం అన్నాను. ఇకమీదట మా ఇంట్లో పంక్తి లేదనీ, ఒక్కొక్కరికే వడ్డన అనీ, ఎవరి బ్యాటరీ దగ్గర వాళ్లే కూర్చోవాలనీ చెప్పాను. ఆయనకి వెంటనే కొట్టు తాళం గుర్తొచ్చింది.

ఈలోగా మా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఇసుక బకెట్టు పక్కన వేసింది, సరిగ్గా నల్లబడిన గోడకి ఎదురుగా.

"మా ఆయనకి చూపు తగ్గిందన్నారుగా అన్నయ్యగారూ. మీరు కూర్చుంటేనే నాకు ధైర్యం."

కడుపునిండా ఆవిడ పెసరట్లే ఉన్నాయి. కూర్చున్నాడు.

నావి ముందురోజే నింపుకున్నాను. కోతలైపోయిన చేలోకి వెళ్లి, కెమెరా బిగించిన విమానం ఎగరేశాను. మామూలుగా ఇళ్ల వైపు పోనివ్వను. ఆ పూట మాత్రం మా పెరటి కంచెదాకా తీసుకెళ్లి తిప్పాను. ఫోను తెరమీద మా వరండా కనిపించింది. కుర్చీలో మా బావగారు, ఒక చేత్తో విసనకర్ర, కళ్లు ఛార్జరు మీద. చప్పుడుకి తల పైకెత్తి చూశాడు.

రెక్కలు అటూ ఇటూ ఊపి, మర్యాదగా నమస్కారం పెట్టి, వెనక్కి తిప్పుకున్నాను.