అక్కకిచ్చిన తెల్ల కుక్క

మా అక్క కుక్క చెవులు చూసి తోటలో అడుగు వేసేది. ఉద్దానంలో జీడితోట ఉన్న ఆడవాళ్లందరికీ ఆ అలవాటు ఉంది. జీడిపళ్లు రాలే రోజుల్లో, పనసకాయ ముగ్గిన వాసనకి ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. తెల్లారకముందే వెళ్లి పళ్లతో రాలిన జీడిపిక్కలు ఏరుకోకపోతే ఇంకొకరు ఏరుకుపోతారు. అందుకని కుక్కని ముందు నడిపించి వెనకాల వెళ్తారు. అది చెవులు నిక్కబెట్టిందా, ఉన్నచోటే ఆగిపోవాలి. మొరిగిందా, వెనక్కి తిరగాలి. ఊరికే తోక ఆడించుకుంటూ పోతోందా, తోటలో ఏమీ లేనట్టే.

బావకి రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్‌కి పలాస వచ్చి వెళ్లడంతోనే ఆయన వారం గడిచిపోతుంది. తోట మొత్తం అక్క మీదే పడింది. ఎన్నో ఏళ్లు ఆమెకి ముందు నడిచిన ఎర్ర నాటుకుక్క వానల్లో పాము కరిచి చచ్చిపోయింది. అప్పుడు అక్క మా ఇంటికి వచ్చి మా ఆయన్ని అడిగింది.

"మరిదిగారూ, మీ కాడ ఇన్ని కుక్కలున్నాయి కదా. నాకొక పిల్లనిప్పించండి. జాతిదే కానక్కర్నేదు. పిక్కలు రాలేలోపు నాకు తోడుంటే సాలు."

"వొదినా, నీకు నాటుకుక్కనిత్తానేటి? ఎవులింట్లోనూ లేనిదిత్తాను" అన్నాడాయన.

మా ఆయనకి రంగు పిచ్చి. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు కనుక ఆ పిచ్చి పాలతోనే వచ్చి ఉంటుంది. గుప్పెడు పప్పు అరచేతిలో పోసుకుని, ఒక్క పలుకు నోట్లో వేసుకోకుండానే విలువ కట్టేస్తాడు. విరగని తెల్లటి పప్పు, వాళ్ల మాటలో గుండు, ఒక పక్క, కాస్త మాడింది ఇంకో పక్క. మాడిన పప్పే తినడానికి బాగుంటుందని కాపురానికి వచ్చిన కొత్తల్లో నేను అన్నందుకు మా అత్తవారింట్లో అందరూ నవ్వారు. మా అత్తగారైతే ఆ మాట చుట్టాలందరికీ చెప్పి మరీ నవ్వించింది.

ఆ కళ్లతోనే ఆయన కుక్కల్లోకి దిగాడు. విశాఖపట్నం నుంచి గ్రేట్ డేన్ ఆడకుక్కని తెచ్చాడు. దూడంత ఉంటుంది. బూడిదరంగు ఒంటి మీద సిరా చిందినట్టు నల్లమచ్చలు, ఒక కన్ను నీలం. ఆ రంగుని మెర్ల్ అంటారని, జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పిక్కలు ఎండబెట్టే కళ్లంలో సగం దానికి జాలీ కట్టించాడు. పేరుకి కుక్కలు ఆయనవి, తిండి వండేదీ దొడ్డి కడిగేదీ నేను.

ఆ తర్వాత దానికి జత వెతికాడు. మా వైపు ఎడ్లకి జత కుదిర్చేటప్పుడు రంగుకి రంగు చూస్తారు. ఈయనా అదే పద్ధతిలో, సరిగ్గా అవే మచ్చలున్న మగకుక్కని బరంపురం నుంచి కొన్నాళ్లకని రప్పించాడు. "రెండూ ఇదే రంగైతే పిల్లలకి ఇంకెంత రంగొత్తాదో సూడు" అని మురిసిపోయాడు. కుక్కల సంగతి తెలిసినవాళ్లని ఒక్కరినీ అడగలేదు. ఎడ్లు దున్నడానికి కదా, కనడానికి కాదు కదా అని ఆయనకి తట్టలేదు.

పిల్లలు పుట్టాయి. కొన్నింటికి మచ్చలు వచ్చాయి. మూడు మాత్రం పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. వాటిని చూసి మా ఆయన, "తెల్లగుండ్లు పుట్టేసినాయే" అని వీధంతా వినిపించేలా అరిచాడు. ఫోటోలు తీసి ఎవరెవరికో పంపాడు. తర్వాత పిల్లలన్నింటినీ టీకాలకని టెక్కలిలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఏమైందంటే, "ఎండకి తలనొప్పి" అన్నాడు.

మచ్చలవి వెంటనే అమ్ముడుపోయాయి. తెల్లవాటిలో ఒకటి చచ్చిపోయింది. ఇంకొకదాన్ని ఇచ్ఛాపురం వాళ్లెవరో తీసుకెళ్లి, వారం తిరక్కుండా తెచ్చి గేటు దగ్గర దించేశారు. ఆయన వాళ్లతో అక్కడే మాట్లాడి పంపించేశాడు, లోపలికి కూడా పిలవలేదు. దాన్ని తర్వాత ఎవరికో ఊరికే ఇచ్చేశాడట. మిగిలిన ఒకదానికి స్నానం చేయించి, మెడకి ఎర్ర పటకా కట్టి, కారులో ఎక్కించుకుని అక్క ఇంటికి తీసుకెళ్లాడు.

జీడిపప్పు ఇళ్లలో ఒక మర్యాద ఉంది. గుండు అమ్మకానికి వెళ్తుంది. అమ్ముడుపోని ముక్క పొట్లాలు కట్టి చుట్టాలకి పంచుతారు. పుచ్చుకున్నవాళ్లు సంతోషిస్తారు, ఇచ్చినవాడికి పేరొస్తుంది. నేనూ అలాంటి పొట్లాలు ఎన్నో కట్టాను. కుక్కని కూడా అలా కడతారని మాత్రం అనుకోలేదు.

అక్క దాన్ని చూసి పొంగిపోయింది. ఊరంతా వచ్చి చూశారట. కొన్నాళ్లకి నాకు ఫోన్ చేసి, "అమ్మీ, ఇది పిలిస్తే పలకదే. ఇంగిలీసు కుక్క కదా, మన మాట తెలీదేటో" అని నవ్వింది. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"జాతి కుక్కలంతే వొదినా. పెద్దింటోల్లలాగుంటాయి. ఊరికే మొరగవు. అవసరమైతే అదే మొరుగుతాది."

అక్క నమ్మింది. మరిది అబద్ధం చెప్తాడని ఆమె ఎందుకనుకుంటుంది? నేనూ నమ్మాను.

పిక్కలు రాలడం మొదలైంది. అప్పటికి కుక్క అక్క నడుము ఎత్తు పెరిగింది. ఒక తెల్లవారుజామున కుక్కని ముందు నడిపించుకుని అక్క తోటలోకి వెళ్లింది. కుక్క తోక ఆడించుకుంటూ పోతోంది, చెవులు వేలాడేసి ఉన్నాయి. అక్క వంగి పిక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఎలుగుబంటి పనసచెట్టు వెనక నుంచే వచ్చింది. పక్క తోటవాళ్లు డబ్బాలు వాయించుకుంటూ పరుగెత్తి వచ్చేసరికి అక్క ముఖం ఎడమవైపు అంతా చీరేసింది. తర్వాత వాళ్లే నాకు చెప్పారు: ఇంత జరుగుతుంటే కుక్క నాలుగడుగుల దూరంలో అక్కకి వీపు తిప్పుకుని, రాలిన జీడిపండు వాసన చూస్తోందట.

అక్క బతికింది. ఎడమ కన్ను పోయింది. అసలే మంచం పట్టిన మొగుడు, దాని మీద ఇది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ ఇంట్లో చూశాను. ఆసుపత్రిలో తెలివి వచ్చాక ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"అదెందుకు మొరగనేదే?"

మర్నాడు అక్క ఊరు వెళ్లి, కుక్క వెనకాల నిలబడి ఇత్తడి పళ్లెం గరిటెతో మోగించాను. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. అది చెవి కూడా కదపలేదు. ఆటో మాట్లాడుకుని దాన్ని టెక్కలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని చూసిన వెంటనే గుర్తుపట్టాడు.

"పుట్టు చెవుడమ్మా. మచ్చలవి రెండూ కలిపితే తెల్లగా పుట్టినవాటికి చాలావరకు ఇంతే. దీనికి చూపు కూడా సగమే. మీవారికి అప్పుడే చెప్పానే, కాపలాకి ఎవరికీ ఇవ్వొద్దని."

ఇంటికి వచ్చి ఆయన్ని నిలదీశాను. బుకాయించలేదు. "అంత దూరం నేనేటి అనుకున్నాను? ఊరికే పడుంటాదనుకున్నాను. ఆ రంగు మీ అక్కకి ఇంకెవులిత్తారు?" అన్నాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆయన మీద నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, నవ్వూ వచ్చింది. అసహ్యం వేయడం అదే మొదలు.

ఈ సంగతి అక్కకి నేనే చెప్పాను. దాచి ఆమె దగ్గర కూర్చోలేకపోయాను. అంతా విని అక్క, కుక్కని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దంది. "దాని తప్పేటున్నాది. దాన్నడిగి పుట్టించినారేటి" అంది.

అక్కకి కుట్లు విప్పకముందే మా ఆయన మళ్లీ బరంపురానికి ఫోన్ చేశాడు. అదే మగకుక్క కావాలట. ఈసారి మచ్చలవి ఎక్కువ పుడతాయట. పక్కగదిలోంచి విన్నాను.

ఆయన పిక్కల బేరానికి మందస వెళ్లిన రోజు ఆ తల్లికుక్కని వ్యాన్‌లో ఎక్కించి టెక్కలి తీసుకెళ్లి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, దాని పొట్ట మీద కుట్లు చూశాడు. కళ్లంలో చతికిలబడి, దాని తల ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆసుపత్రిలో అక్క ముఖం మీద కుట్లు చూసినప్పుడు ఈ మనిషికి కన్ను తడవలేదు. నేను గుమ్మంలో నిలబడి ఆయన ఏడుపంతా చూశాను. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.