రెండు నిలువుల నీళ్ళ కింద

మా ఉస్తాద్ పోయాడన్న మాట ఎస్టీడీ బూత్ అతను మోసుకొచ్చాడు. హుజూర్‌నగర్‌లో మా ఇంటికీ ఆ బూత్‌కీ మధ్య ఒక్క సందే. నల్లగొండ నుంచి ఉస్తాద్ బిడ్డ ఫోన్ చేసి, నన్ను పిలిపించేదాకా ఆగలేక, సంగతి అతనికే చెప్పి పెట్టేసిందట. "మధ్యాన్నం నమాజు కాంగనె తీస్కపోతరంట. జల్ది పో అన్నా" అన్నాడు. వెళ్ళాను. అందరితోపాటు గుప్పెడు మట్టి వేసి వచ్చాను. ఏడుపు మాత్రం ఇంటికొచ్చి సోడాబుడ్డి చూశాక వచ్చింది. ఎందుకో చెప్తాను.

నీళ్ళలోకి దిగడం నాకెవరూ నేర్పనక్కర్లేదు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, కృష్ణ ఒడ్డున పెరిగినవాణ్ణి. పైకి రావడం ఎలాగో ఆయన నేర్పాడు.

ఎనభైల చివర్లో నది మీది ఆనకట్ట దగ్గర, నీటి అడుగుకు దిగి గేట్ల బాగోగులు చూసే మనుషులు కావలసి వచ్చారు. ఉస్తాద్ బొంబాయి రేవులో ఆ పని చేసి, కాలు పోగొట్టుకున్నంత పనై సొంతూరికి తిరిగొచ్చినవాడు. ఎడమ మోకాలు వంగేది కాదు. స్కూటర్ మీద నుంచి పడ్డాడని కొందరు, పుట్టుకతోనే అంతని కొందరు అనేవాళ్ళు. ఆయన ఏదీ ఖండించేవాడు కాదు. ఒక ఎండాకాలమంతా మా నలుగురికీ కోర్సు చెప్పాడు. వీపుకు సిలిండర్లు కట్టుకొని లోతుకు వెళ్ళడం ఒక వారంలో వచ్చేసింది. తిరిగి వచ్చేటప్పుడు పడవ నుంచి వేలాడే తాడు పట్టుకొని అక్కడక్కడా ఆగాలి. మిగతా కాలమంతా ఆ ఆగడం నేర్చుకోవడానికే సరిపోయింది.

ఎందుకు ఆగాలో చెప్పడానికి ఆయన దగ్గర ఒకటే సాధనం, గోలీసోడా. "లోతుల పీల్చిన గాలి నెత్తుట్ల కల్సిపోతది బేటా. మెల్లగొస్తె మెల్లగ బయటికి పోతది. ఉరికొస్తె గిట్లయితది" అని టప్పుమని గోలీ కొట్టి, పొంగి చేతి మీద కారే నురగ చూపించేవాడు. తాను తాగే సోడా మాత్రం అలా కొట్టేవాడు కాదు. బొటనవేలితో గోలీని కొంచెం కొంచెంగా నొక్కుతూ, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాక తాగేవాడు. సోడాబండి అతనికి ఒళ్ళు మండిపోయేది. "గ్యాసంత పోయినంక గది సోడెట్లయితది సాబ్? బోరింగు నీళ్ళు తాగరాదు!" అనేవాడు. ఉస్తాద్ నవ్వేవాడు, మళ్ళీ అలాగే తాగేవాడు. బస్సు దిగడంలోనూ అదే వరస. అందరూ దిగాక, కండక్టర్ విసుక్కున్నాక, తాపీగా దిగేవాడు.

చివరి ఆగుడు రెండు నిలువుల లోతులో. అన్నిటికంటే పొడుగైనదీ, నాకు అస్సలు పడనిదీ అదే. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, బయట ఎండ కనిపిస్తోంది, గడప మాత్రం దాటకూడదు. అలా ఉండేది. పడవ అడుగు నెత్తి మీదే కనిపించేది. పైవాళ్ళు నవ్వుకునేది బుడబుడమని వినిపించేది. మే నెలలో కూడా ఆనకట్ట నీళ్ళు ఎముకల్లోకి దిగేవి. నా ఊపిరి నాకే పెద్ద శబ్దమై, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. గొర్లను రాత్రిపూట ఆపే ముళ్ళ దొడ్డి గుర్తొచ్చేది. "మీదికి సూడకు, తాడు సూడు" అని ఆయన వెయ్యిసార్లు చెప్పాడు. నేను మీదికే చూసేవాణ్ణి.

కోర్సు ముగిసే రోజున ఒక్కణ్ణే ఆనకట్ట పాదం దాకా దిగి రావాలి. నా నడుముకు కట్టిన తాడు పైన ఇద్దరు అన్నదమ్ముల చేతిలో ఉంది. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళు, తరతరాలుగా బావుల్లో పూడిక తీసేవాళ్ళు, బలమైన చేతులు. నేను తాడు గుంజితే ఇంకొకరు సిలిండర్‌తో దిగి రావాలి తప్ప నన్ను లాగకూడదని ఉస్తాద్ వాళ్ళ చేత వల్లె వేయించాడు.

దిగాను. గేటు అంచు తడిమాను. వస్తూ అన్నిచోట్లా ఆగాను. చివరి ఆగుడులో తొడ పట్టేసింది. పిక్క దాకా నరం లాగేసి, కళ్ళద్దాల్లోకి నీళ్ళు చేరి, ఏ చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. ఇక్కడే చచ్చిపోతానని నిజంగా అనుకున్నాను. తాడు గుంజేశాను.

బావిలో తాడు కదిలితే పైవాడు ఆలోచించడు. కింద పామో, విషగాలో, కూలిన బావి గోడో! ముందు మనిషిని లాగాలి. వాళ్ళ తాతలు చేసిందీ అదే, ఆ అన్నదమ్ములు చేసిందీ అదే. నడుము పట్టి ఎత్తేసినట్టు ఒక్కసారిగా పైకి లేచాను. వెలుతురు దగ్గరైంది. బతికాననుకున్నాను.

అప్పుడే ఒక అరచెయ్యి నా తల మీద పడింది. పడి, కిందికి నొక్కింది.

తన్నాను. గీరాను. నన్ను ముంచి చంపుతున్నారనే అనుకున్నాను. చూస్తే ఉస్తాద్. సిలిండర్ లేదు, అద్దాలు లేవు, గళ్ళ లుంగీ నీళ్ళలో బుడగలా ఉబ్బి ఉంది. నన్ను మళ్ళీ రెండు నిలువుల కిందికి తీసుకుపోయి, నా చేతిని వేలాడే తాడుకు చుట్టి, తన అరచెయ్యి నా ముఖం ముందు నిలిపాడు. ఆగు. తొడ మర్దనా చేశాడు. ఊపిరి అయిపోయి పైకి వెళ్ళాడు. నేనూ వెళ్ళబోయాను. అంతలోనే మళ్ళీ వచ్చాడు, వంగని కాలును ఈడ్చుకుంటూ. మళ్ళీ అరచెయ్యి. మళ్ళీ పైకి. ఎన్నిసార్లు వచ్చాడో లెక్కపెట్టలేదు. ఆయన లేని ఆ కాసేపూ ఇక రాడేమోనని గుండె ఆగిపోయేది. ఆయన పాదాలు కనిపించగానే కుదుటపడేది. మీదికి చూడడం మానేశానని చాలాసేపటికి తెలిసింది.

పడవ ఎక్కాక అన్నదమ్ములు తల ఎత్తలేదు. పెద్దవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "సేతులు ఆగలె ఉస్తాద్. బాయి అలవాటు" అన్నాడు.

"బాయిల మంచి అలవాటే. గా అలవాటు పోగొట్టుకోకుండ్రి" అని ఉస్తాద్ రొప్పుతూ అన్నాడు. తరువాత తన మోకాలు తట్టుకుంటూ నా వైపు తిరిగాడు. "బొంబాయిల నన్ను గిట్లనే గుంజిన్రు బేటా. పానం కాపాడినమని సంబురపడ్డరు. తల మీద సెయ్యి పెట్టి ఒత్తెటోడు లేకుండె."

ఆ రోజు నుంచి నా రెండు కాళ్ళూ ఆయన ఇచ్చినవే అనుకుంటాను. ఇప్పటికీ వాటితోనే గేట్ల దాకా దిగి వస్తున్నాను.

పోవడానికి నాలుగు రోజుల ముందు నల్లగొండ దవాఖానలో చూశాను. ఊపిరితిత్తులు చెడిపోయాయి. ముక్కుకు గొట్టం, చేతికి సూది. కిటికీ అవతల బస్టాండు కనిపిస్తుంటే అటే చూస్తున్నాడు. "ఇంటికి తీస్కపో బేటా. గీ గొట్టంల ఇరికిన్న" అన్నాడు. బిడ్డ ఉండమని బతిమాలింది. నేను ఆయనకు చెప్పగలిగిన మాట ఏముంది? ఆయన మాటే చెప్పాను. "మీదికి సూడకు ఉస్తాద్."

ఆయనకు నవ్వు వచ్చింది, వెంటనే దగ్గు వచ్చింది. తరువాత కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి తెరిచి, నేనున్నానా అని చూసి, మళ్ళీ మూసుకున్నాడు. సాయంత్రం దాకా అలాగే. హుజూర్‌నగర్ బస్సు బయలుదేరే వేళైంది, అదే ఆఖరి బస్సు. ఆయన నిద్రపోయాడనుకొని మెల్లగా లేచాను.

కళ్ళు తెరవలేదు. సూది గుచ్చిన చెయ్యే, మంచం మీద నుంచి జానెడు లేచింది. అరచెయ్యి నా వైపు నిలిచింది.

కూర్చున్నాను. కిటికీ అవతల కండక్టర్ ఈల వేశాడు, బస్సు వెళ్ళిపోయింది. ఆ చెయ్యి దుప్పటి మీదికి, కొంచెం కొంచెంగా, దిగింది.