అవ్వ భాషలో అడిగిన నీళ్లు

శామ్యూల్ సారు పరిశోధన అచ్చు కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బోధన్ లైబ్రరీలో పరిచయమైన ఆయన, గ్రీకు సువార్తల వెనక యేసు మాట్లాడిన తల్లి భాష అరామిక్‌ను జీవితమంతా వెతికారు.

“సిలువ మీద యేసు వేసిన కేకను గ్రీకులో రాసినవాళ్లు కూడా అరామిక్‌లోనే ఉంచారు చూడు. ప్రాణం పోయేటప్పుడు మనిషి తల్లి భాషలోనే పిలుస్తాడు” అనేవారు.

“మీరైతే గ్రీకులోనే పిలుస్తరు సార్” అని ఆటపట్టించేవాణ్ణి.

మొన్న నిజామాబాద్ ఆసుపత్రిలో, ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే సారు నా చెయ్యి పట్టుకుని, “అవ్వా, దూపైతుందే” అని కన్నతల్లిని నీళ్లడిగినట్టు అన్నారు. నీళ్లు తాగించొద్దని డాక్టర్ చెప్పారు. తడిగుడ్డతో పెదవులు అద్దాను. “ఇంకిన్ని పొయ్యే అవ్వా” అంటూనే కన్నుమూశారు.

ఆయన వాదనకు రుజువు దొరికింది. చూపిద్దామంటే ఆయన లేరు.

తడిగుడ్డ ఇచ్చిన నర్సు మేరమ్మకు, ఎడపల్లి నుంచి సారును కారులో ఆసుపత్రికి తెచ్చిన గంగారాం అన్నకు, పాత పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ రజియా మేడమ్‌కు, చివరికి నన్ను అవ్వా అని పిలిచిన శామ్యూల్ సారుకు దండాలు.